చివరి కుర్చీ నుంచి పిలువు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ ఫోటోలక్క అనేవారు. పాత వంతెనల్ని పరీక్షించే కంపెనీ అది. ఇంజనీర్లు వంతెనల కింద దూరి, కనిపించిన ప్రతి పగులుకూ ఫోటో తీసుకొస్తే, వాటిని వర్డ్ ఫైల్లో పెట్టి రిపోర్టుగా తీర్చిదిద్దేది ఫోటోలక్క. ప్రతి ఫోటో వెడల్పు సరిగ్గా పద్నాలుగు సెంటీమీటర్లు ఉండాలి, పేజీకి నడిమధ్యన కూర్చోవాలి, చుట్టూ సన్నటి నల్లగీత, కింద నంబరు. రిపోర్టు ఏదైనా నాలుగు వందలకు తక్కువ ఫోటోలు ఉండవు. పద్నాలుగేళ్ళుగా ఒక్కోదాన్నీ మౌస్‌తో పట్టుకుని కొలిచి, జరిపి, గీత గీసి, నంబరు వేసి, ఆమె కుడి మణికట్టు పట్టీ లేనిదే పనిచేయని స్థితికి వచ్చింది. ఎవరైనా పెళ్ళి ఫోటో చూపిస్తే పెళ్ళికూతురి కంటే ముందు అంచులు చూసేది, పాపం.

ఇంతా చేస్తే, ఒక సోమవారం పొద్దున్నే మేనేజరు పిలిచి చల్లగా చెప్పాడు.

“వచ్చే నెల నుంచి రిపోర్టుల పని బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నామమ్మా. మీకు మూడు రోజులు పట్టేది వాళ్ళు ఒక్కరోజులో చేస్తారట. మిమ్మల్ని తపాలా గదిలో వేస్తాం. కవర్లు అంటించుకుంటూ హాయిగా ఉండొచ్చు.”

హాయట, హాయి! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏ వంతెనకు ఏ స్తంభం దగ్గర పగులుందో ఫోటో చూడగానే చెప్పగల మనిషిని తీసుకెళ్ళి కవర్లు అంటించమంటే ఎలా ఉంటుంది? మాట గట్టిగానే వచ్చింది.

“ఒక్క బటన్ నొక్కుతాను సార్. ఫోటోలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. మీ కళ్ళముందే చేస్తాను. అలా జరిగితే పని నా దగ్గరే ఉంచండి.”

“ఒక్క బటనా?”

“ఒక్కటే. అదీ ఒక్కసారే.”

మేనేజరు నవ్వాడు. “సరే, నది వంతెన రిపోర్టు ఉందిగా. గురువారం మూడింటికి నొక్కండి. కాకపోతే ఫైలు అటు పంపేస్తాను, మీరు తపాలా గదికి వెళ్ళాలి.”

ఊరికే గొప్పకు పోయి అన్న మాట కాదది. రెండు నెలలుగా భోజనాల వేళ ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో మాక్రో రాయడం నేర్చుకుంటోంది. మాక్రో అంటే మరేం లేదు, మనం చేసే పనులన్నీ వరసగా రాసి కంప్యూటర్ చేతికిచ్చే చీటీ. అది చదువుకుని ఆ పనులు అదే చేసుకుపోతుంది. ఇంటిపనికి కూడా ఇలాంటిదొకటి ఉంటే బాగుండునని ఆమె చాలాసార్లు అనుకుంది.

మంగళవారం ఫైలుకు నకలు తీసి నొక్కి చూసింది. మొదటి పేజీలో మేనేజరు సంతకం ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో అదీ ఫోటోయే. అందుకని ఆ సంతకం పద్నాలుగు సెంటీమీటర్లకు ఉబ్బి, చుట్టూ నల్లగీత తగిలించుకుని, ‘ఫోటో నం. 1’ అని దర్జాగా కూర్చుంది. ఫోటోలక్క నవ్వు ఆపుకోలేక దగ్గు నటించి, మొదటి పేజీ జోలికి పోవద్దని చీటీలో రాసింది.

అసలు చిక్కు గొడుగు ఇంజనీరు తెచ్చిపెట్టాడు. ఎండైనా వానైనా చంకలో గొడుగు వదలని పెద్దమనిషి ఆయన. ఫైల్లో ఫోటో కనబడితే చాలు, మౌస్‌తో పట్టి “ఇక్కడైతే బాగుంటుందమ్మా” అంటూ తనకు తోచిన చోటికి లాగుతాడు. అలా లాగిన ఫోటో ఇక అక్షరాల వరసలో ఉండదు, పేజీ మీద తేలుతూ ఉంటుంది. ఈ రిపోర్టులో అలాంటివి అరవై నాలుగు. ముందు వాటిని ఒక్కొక్కటిగా దించి వరసలో పెట్టమని చీటీలో రాసింది. నొక్కి చూస్తే ముప్ఫై రెండు దిగాయి, ముప్ఫై రెండు తేలుతూనే ఉన్నాయి. కొత్త నకలు తీసి మళ్ళీ నొక్కింది. మళ్ళీ ముప్ఫై రెండే. ఒకటి దించుతుంది, ఒకటి వదిలేస్తుంది! పోనీ అదే ఫైలు మీద రెండోసారి నొక్కుదామంటే, సర్దిన ఫోటోల కింద ఇంకో నంబరు వచ్చి పడుతోంది. సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టక తప్పలేదు. అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని పదిరోజుల క్రితమే మాటిచ్చింది. క్లినిక్ వరండాలో గోడవారగా వరసగా కుర్చీలు. అత్తగారు రెండో కుర్చీలో కూర్చుంది. కొత్తగా చేరిన నర్సు తలుపు తీసి, “మొదటి కుర్చీ!” అంది. మొదటాయన లోపలికి వెళ్ళాడు. అందరూ తలో కుర్చీ ముందుకు జరిగారు. అత్తగారు దర్జాగా మొదటి కుర్చీలోకి వచ్చింది. కాసేపటికి నర్సు మళ్ళీ వచ్చి, “రెండో కుర్చీ!” అంది. అత్తగారి పక్కావిడ లేచి వెళ్ళింది. మళ్ళీ అందరూ జరిగారు. “మూడో కుర్చీ!” అనేసరికి అత్తగారి సహనం అయిపోయింది.

“ఏమ్మాయ్, నేను మొదటి దాంట్లోకి జరిగితే నువ్వు రెండోదాన్ని పిలుస్తావు, తర్వాత మూడోదంటావు. నన్నిక్కడే కాపురం పెట్టమంటావా?”

“వరసగానే పిలుస్తున్నానండీ. మీరెందుకు జరిగారు?”

“ముందు కుర్చీ ఖాళీ అయితే జరగరా ఎవరైనా? చూడు, ఒకరు విడిచి ఒకరు ఎలా మిగిలిపోయామో! నీకు కుర్చీల లెక్కే కావాలంటే ఆ చివర్నుంచి పిలువు. చివరివాళ్ళు లేస్తే ఎవరూ జరగక్కర్లేదు, ఎవరూ మిగిలిపోరు.”

ఫోటోలక్క ఉలిక్కిపడింది. ఒకటి విడిచి ఒకటి! తన మాక్రో చేస్తున్నదీ ఇదే. మొదటి ఫోటోను దించగానే జాబితాలో రెండోది మొదటి స్థానంలోకి జరుగుతోంది. మాక్రో అది చూసుకోకుండా రెండో స్థానానికి వెళ్ళిపోతోంది. మధ్యలోది అత్తగారిలా కుర్చీలోనే ఉండిపోతోంది.

“అత్తయ్యా, మీ నోట్లో పంచదార పొయ్య!” అని ఆవిడ చేతులు పట్టుకుంది.

“కళ్ళు చూపించుకోవాలని నేనొస్తే, నీకేమయిందే?” అంది అత్తగారు.

గురువారం పొద్దున్నే ఆ చీటీలో ఒక్క వాక్యం మార్చింది. మూడింటికి ఆమె బల్ల చుట్టూ ఆఫీసంతా మూగింది. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొడుగు ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు.

“ఇందాకే ఇంకో ఏడు ఫోటోలు లాగానమ్మా, అందంగా ఉంటాయని.”

ఎవరో ‘అయ్యో’ అన్నారు. ఫోటోలక్క కుర్చీ ఆయన వైపు జరిపింది. “ఇంకో పది లాగండి సార్. మొహమాటపడకండి.”

ఆయన మొహమాటపడలేదు. నిజంగానే పది లాగాడు. ఆమె బటన్ నొక్కింది.

చిట్టచివరి పేజీలో మొదలైంది. తేలుతున్న ఫోటో దిగింది, నడిమధ్యకు జరిగింది, గీత కట్టుకుంది. దాని వెనకే దాని ముందుది. పేజీలు వెనక నుంచి ముందుకు పరుగెడుతున్నాయి.

“చివర్నుంచి వస్తోందేంటి?” అన్నాడు మేనేజరు.

“అలా అయితేనే ఏదీ మిగిలిపోదు సార్.”

నంబర్లు కూడా పడి ఆగేసరికి రెండు నిమిషాలు కూడా కాలేదు. నాలుగు వందల పన్నెండు ఫోటోలు. మేనేజరు ఇరవై పేజీలు ప్రింటు తీయించి, స్కేలు పెట్టి మరీ కొలిచాడు. పద్నాలుగు. పద్నాలుగు. ఎక్కడ పెట్టినా పద్నాలుగే. తప్పు దొరక్క మొదటి పేజీ తిప్పాడు. ఆయన సంతకం బుద్ధిగా తన మూలలో తానుంది. ఆయన ఫోను తీసి బయటి కంపెనీకి కలిపాడు.

“ఆ రిపోర్టుల పని ఇక అక్కర్లేదండీ. మా దగ్గర మనిషి ఉంది.”

ఆ చివరి మాట విన్నాక ఫోటోలక్క కళ్ళు నిండాయి. పద్నాలుగేళ్ళలో ఆయన నోటి నుంచి ఆ ముక్క వినడం అదే మొదటిసారి. అందరూ చప్పట్లు కొడుతుంటే గొడుగు ఇంజనీరు తెరలోకి వంగి చూశాడు.

“బటన్ మీద ‘అత్తగారు’ అని ఉందేమిటమ్మా?”

“దాని పేరే అది సార్,” అంది ఫోటోలక్క.

ఇంటికి రాగానే మొత్తం పూసగుచ్చినట్టు చెప్పింది. అత్తగారు కంట్లో చుక్కలు వేయించుకుని, కళ్ళు మూసుకునే అంతా వింది. ఆ ముఖం మీదికి నెమ్మదిగా ఒక నవ్వు వచ్చింది.

“అయితే మీ మేనేజరుతో చెప్పు,” అంది. “నేను ఎవర్నీ వదిలిపెట్టనని.”