అబ్బులు పేరు మీద రెండు గుండెలు

నేను ఒక ఈసీజీ మిషన్ని. గుండె కొట్టుకునే తీరును గీతలుగా కాగితం మీద పెట్టడం నా పని. పుట్టింది ఎక్కడో పుణె వైపు ఫ్యాక్టరీలో. బతుకంతా కోనసీమలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో, ఎస్తేరు రాణి సిస్టరు చేతుల మీదే గడిచింది. ఆవిడ రోజూ పొద్దున్నే నన్ను తుడుస్తూ, "ఇవాళైనా మాట వినవే తల్లీ" అంటుంది. నేనెప్పుడు వినలేదో నాకైతే గుర్తులేదు.

ఇక్కడ నాకు ఆగర్భశత్రువు ఒక మాట. గ్యాస్! ఛాతీ బరువెక్కితే గ్యాస్, ఆయాసమొస్తే గ్యాస్, ఆఖరికి పాదాలు వాచినా గ్యాసే. అందరూ సోడా తాగేసి నా మొహమైనా చూడకుండా వెళ్లిపోయేవారు. అందుకే డాక్టరు హైమవతి గారు ఒక పద్ధతి పెట్టారు. ఏ జబ్బుతో చేరినా సరే, ముందు నా పక్కన బల్ల మీద పడుకోవాల్సిందే. పైకి తెలియని గుండె నీరసాన్ని పసిగట్టే కొత్త ప్రోగ్రాం కూడా నాలో ఎక్కించారు. అనుమానమొస్తే కాగితం చివర "గుండె బలం తగ్గి ఉండవచ్చు, ఎకో తీయండి" అని అచ్చేస్తాను. అప్పట్నుంచి నాకు కాస్త గర్వం పెరిగిన మాట నిజమే.

ఒకరోజు హెర్నియా ఆపరేషనుకని అబ్బులు వచ్చాడు. ముప్పై ఏళ్లుగా కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుతున్న మనిషి. అలాంటివాడు నా వైర్లు చూసి వణికిపోయాడు.

"నాకు కరెంటు పెట్టొద్దండీ బాబూ!"

సిస్టరు అప్పటికే అతని పేరూ వయసూ నాలో కొట్టేసింది. ఎంత బతిమాలినా బల్లెక్కడే! పక్కనున్న భార్య నూకరత్నానికి విసుగొచ్చింది.

"తప్పుకోండి మీరు. నేను పడుకుంటాను, సూడండి. సస్తే నేనే సస్తాను."

అంది గానీ, బల్లెక్కేలోపు ఆయాసంతో రెండుసార్లు ఆగింది. "గ్యాసండి" అంది సిస్టరుతో, సిగ్గుపడుతూ.

సిస్టరు తెర లాగి, ఛాతీకి రబ్బరు బుడ్డీలు పెట్టి, మీట నొక్కింది. కాగితం వచ్చింది. నూకరత్నం నవ్వుతూ దిగింది. మొగుడు కళ్లు గట్టిగా మూసుకుని ఎక్కాడు. రెండో కాగితం వచ్చింది. బయట ఇంకా పదిమంది ఉన్నారు. ఆ హడావుడిలో సిస్టరు రెండూ ఒకే ఫైల్లో పెట్టేసి, భోజనానికి వెళ్లిపోయింది.

డాక్టరు గారు నా గదికే వచ్చి, అబ్బులు ఎదుట ఫైలు తెరిచారు. రెండిటి మీదా "అబ్బులు, పురుషుడు, 56." ఒకటి చెట్టెక్కే గుండె, ఇంకోటి మెట్టెక్కలేని గుండె, దాని చివర నా హెచ్చరిక.

"పది నిమిషాల్లో ఒకే మనిషికి రెండు గుండెలేమిటి? ఈ మిషన్ పాడైంది, పాత సామాన్ల గదిలో పడేయండి" అన్నారావిడ, మొదటి కాగితం చెత్తబుట్ట మీదికి పట్టుకుని.

నా ప్రాణం పోయినంత పనైంది. నా సంగతి సరే, ఆ కాగితం పోతే నూకరత్నం గతేమిటి? నాకేమో నోరు లేదు.

"మిషన్ననకండి డాట్రు గారూ" అన్నాడు అబ్బులు బుర్ర గోక్కుంటూ. "నాకు దైర్నం సెప్పడానికి ముందు మా ఆవిడ పడుకుందండి. ఆయ్."

డాక్టరు చెయ్యి ఆగిపోయింది. గోడకు ఆనుకుని సోడా తాగుతున్న నూకరత్నం వైపు తిరిగారు.

"ఎన్నాళ్లనుంచమ్మా ఆయాసం?"

"ఆయాసం కాదండీ, గ్యాసు."

"ఏదీ, పాదాలు చూపించు."

వేలితో నొక్కితే గుంట పడింది. ఎకో అనే గుండె స్కానింగులో నా మాటే నిజమైంది. మందులు మొదలయ్యాయి. ఆవిడ తేరుకునేదాకా తనకు ఆపరేషను వద్దని అబ్బులు భీష్మించుకు కూర్చున్నాడు.

ఆరు నెలలకు ఇద్దరూ వచ్చారు, ఈసారి అతని ఆపరేషనుకు. నూకరత్నం మెట్లన్నీ ఆగకుండా ఎక్కి, వెనకబడ్డ మొగుణ్ని "రండి, రండి" అని తొందరపెడుతోంది. నాకెంత సంతోషమేసిందో! పాత సామాన్ల గది ఇంకా నాకోసం కాచుకునే ఉంది, ఉండనీ.

బల్ల దగ్గర ఒక పెద్దాయన సిస్టరుతో గొడవపడుతున్నాడు. "నాది గ్యాసేనమ్మా, ఈ వైర్లెందుకు?"

అబ్బులు జేబులోంచి లామినేషన్ వేయించిన జిరాక్స్ కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు.

"ఇది సూడండి బాబాయి గారూ. మేమూ గ్యాసే అనుకున్నామండి. పేరు నాది. గుండె మా ఆవిడది."

పెద్దాయన ఆ కాగితం వంకా, నూకరత్నం వంకా చూసి, చొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు.