లాజరు చెప్పవలసిన జవాబు

లాజరు తన శరీరం మీద అదుపు పోగొట్టుకున్నది జూలై మొదటి బుధవారం నాడు. ఆ ఉదయం పదకొండు గంటలకు అతని అక్క హెలెన్ కంకిపాడు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి శాతాలు చెబుతోంది. క్లాసులో ఫోను తీసే అలవాటు ఆమెకు లేదు. మూడోసారి మోగేసరికి వరండాలోకి వచ్చింది.

"వదినా, ఆయన లేవలేకపోతున్నారు," అంది తమ్ముడి భార్య డయానా. "పక్కంతా తడిసిపోయింది. తడిసినట్టు ఆయనకి తెలియలేదు. తొడ మీద గిల్లినా తెలియట్లేదంటున్నారు."

బోర్డు మీద లెక్క సగంలోనే ఉంది. హెలెన్ దాన్ని అలాగే వదిలేసి ఆటో ఎక్కింది.

లాజరుకు నలభై ఏళ్ళు. రైస్ మిల్లులో ముఠా పని. లారీల నుంచి ధాన్యం బస్తాలు దించాలి, బియ్యం బస్తాలు ఎక్కించాలి. డెబ్బై అయిదు కిలోల బస్తా వీపున వేసుకుని చెక్క మీదుగా లారీలోకి నడిచే మనిషి. ఇరవై ఏళ్ళు అలా నడిచాక, మొన్న వేసవిలో నడుము పట్టేసింది. కొన్నాళ్ళకు నొప్పి నడుమును వదిలి ఎడమ కాల్లోకి దిగింది. స్కానింగ్ తీయిస్తే, వెన్నుపూసల మధ్య మెత్తలాగా ఉండే డిస్కు ఒకటి చోటు తప్పి నరాన్ని నొక్కుతోందని తేలింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకటే చర్చ. ఆపరేషన్ పెద్ద కోతతోనా, చిన్న కోతతోనా?

లాజరుకు పదేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆనాటి నుంచి అతని తరఫున మాట్లాడేది అక్కే. బళ్ళో పేరు రాయించినా, రేషన్ కార్డులో తప్పు దిద్దించినా, డయానా వాళ్ళింటికి వెళ్ళి పెళ్ళి మాట కదిపినా ఆమే. డిస్కు విషయం కూడా ఆమే చేతిలోకి తీసుకుంది. ఒక నోటుబుక్కులో పేజీని రెండుగా మడిచి, ఎడమవైపు వీపు తెరిచి చేసే ఆపరేషన్ గురించి, కుడివైపు చిన్న రంధ్రంలోంచి గొట్టం పంపి చేసే ఆపరేషన్ గురించి రాసింది. కోత ఎంత, రక్తం ఎంత పోతుంది, ఎన్ని రోజులకు ఇంటికి పంపుతారు, ఎన్ని వారాలకు పనిలోకి వెళ్ళొచ్చు. కుడివైపు ఉన్నవన్నీ ముచ్చటగా కనిపించాయి.

స్టాఫ్ రూములో సైన్సు చెప్పే కనకలక్ష్మి కూడా అదే మాట అంది. "మా బావగారికి ఆ గొట్టం ఆపరేషనే చేశారండీ. మర్నాడే నడిచారు. మూడో రోజు మా అక్కయ్య వంటకి వంకలు పెట్టారు. అంతకంటే ఏం కావాలి?"

అందరూ నవ్వారు. హెలెన్ కూడా నవ్వింది.

జూన్ ఆఖరి శనివారం తమ్ముణ్ణి తీసుకుని విజయవాడలో డాక్టర్ సుస్మిత దగ్గరికి వెళ్ళింది. మన వైపు ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా చదువుకున్న మనిషి ఒకరు వెంట ఉండాలి. డాక్టరుకు ఎదురుగా కుర్చీలో కూర్చునేది ఆ మనిషే. జబ్బు మనిషి పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. ప్రశ్న అతన్ని అడిగినా జవాబు కుర్చీలోంచే వస్తుంది. దీన్ని మనం ప్రేమ అనుకుంటాం. ప్రేమే, కాదనడానికి లేదు. హెలెన్ తమ్ముడికే కాదు, వాళ్ళ వీధిలో సగం మందికి ఆ కుర్చీలో కూర్చుంది.

డాక్టరు లాజరు కాళ్ళు ఎత్తి చూసింది, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టింది. తర్వాత ఫైలు దగ్గరికి లాక్కుని అడిగింది.

"మూత్రం మామూలుగానే వస్తోందా? కూర్చునే చోట తిమ్మిరిగా ఏమైనా ఉందా?"

"అలాంటివేం లేవండి," అంది హెలెన్. "కాలు నొప్పి ఒకటే."

లాజరు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"మంగళవారం నాకు ఖాళీ ఉంది. వీపు తెరిచి తీసేస్తాను," అంది డాక్టరు.

హెలెన్ నోటుబుక్కు తెరిచింది. గొట్టం ఆపరేషన్ చేసే నిపుణుడు ఒకాయన నెలకోసారి ఇంకో ఆసుపత్రికి వస్తాడనీ, మూడు వారాలు ఆగితే ఆయనతో చేయించవచ్చేమోననీ అడిగింది. డాక్టరు విసుక్కోలేదు.

"ఏ దారిన వెళ్ళినా లోపల చేసే పని ఒకటేనండి. నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసెయ్యడం. చిన్న కోతైతే కండరం తక్కువ నలుగుతుంది, తొందరగా తిరగ్గలుగుతారు. కొన్ని నెలలు గడిచాక చూస్తే చాలామందిలో పెద్ద తేడా కనపడదు. ముక్క ఎక్కడుంది, ఎంతుంది, చేసే డాక్టరుకి ఏది బాగా అలవాటు, వాటిని బట్టి చూసుకోవాలి. నొప్పి ఒక్కటే అయితే ఆగొచ్చు. ఇప్పుడు నేను అడిగినవాటిలో ఏది మొదలైనా మాత్రం ఆగకూడదు. అదే రోజు రావాలి."

"తప్పకుండానండి," అంది హెలెన్.

మంగళవారం వద్దని, గొట్టం ఆపరేషన్ కోసం మూడు వారాలు ఆగడానికే నిశ్చయించుకుంది. బయటికొచ్చాక తమ్ముడికి చెరుకు రసం ఇప్పించింది. "నువ్వు నిశ్చింతగా ఉండు. అంతా నేను చూసుకుంటాగా," అంది. లాజరు తల ఊపాడు.

అప్పటికి రెండు రోజుల నుంచి అతనికి మూత్రం సరిగ్గా రావడం లేదు.

ఆ సంగతి ముఠా వాళ్ళు గమనించారు. నొప్పి మొదలయ్యాక మేస్త్రి బసవయ్య అతన్ని బరువులు ఎత్తనివ్వడం మానేసి, బస్తాల మూతులు కుట్టే పనిలో కూర్చోబెట్టాడు. లాజరు గంటకోసారి లేచి మిల్లు వెనక గోడ దగ్గరికి వెళ్ళేవాడు. వెళ్ళినవాడు చాలాసేపటికి గాని తిరిగి వచ్చేవాడు కాదు.

"ఏరా, కాలవకి నీళ్ళు వదిలారుగా. నీకింకా వదల్లేదా?" అన్నాడు ఎలీషా. అతను కూడా బస్తాలు మోసేవాడే.

"పై నుంచి ఆర్డరు రావాలేమోరా," అన్నాడు ఇంకొకడు.

ముఠా అంతా నవ్వింది. లాజరూ నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడు. డయానా అడిగితే వేడి చేసిందన్నాడు. ఆమె సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. వదినకు చెబుతానంటే మాత్రం కోప్పడ్డాడు. "అక్కకి చెప్పే మాటేనా అది?"

లాజరును చూసిన పదకొండు రోజులకు, అతను లేవలేకపోయిన ఆ బుధవారం సాయంత్రమే, డాక్టర్ సుస్మిత ఆపరేషన్ చేసింది. వీపు తెరిచే చేసింది. ఆ రోజు కోత పెద్దదా చిన్నదా అని ఎవరూ అడగలేదు. జారిన ముక్క మరింత తెగి, కింది నరాలన్నిటినీ కలిపి నొక్కేసిందనీ, తీయవలసిందంతా తీశాననీ, ఎంత తిరిగి వస్తుందో చెప్పలేననీ అంది.

మర్నాడు రౌండ్సుకు వచ్చినప్పుడు మంచం పక్కనే నిలబడి అడిగింది. "లాజరు గారూ, నిజం చెప్పండి. మూత్రం ఇబ్బంది ఎప్పటి నుంచి?"

"పదమూడు, పద్నాలుగు రోజులవుద్దండి."

డాక్టరు ఫైలు వెనక్కి తిప్పింది. శనివారం నాటి కాగితం మీద "మూత్రం మామూలే, తిమ్మిరి లేదు" అన్న అర్థంలో ఆమె రాసుకున్న వరుస ఉంది.

"మరి నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

లాజరు డాక్టరును చూడలేదు. మంచం కాళ్ళ వైపు నిలబడ్డ హెలెన్‌ను చూసి, కళ్ళు దించుకున్నాడు.

"అక్క ముందు ఎలా చెప్తామండీ?"

డాక్టరు ఫైలు మూసి పక్క మంచానికి వెళ్ళింది. తిట్టి ఉంటే హెలెన్‌కు కొంత తేలికగా ఉండేది.

నాలుగు నెలలు గడిచాయి. లాజరు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఎడమ పాదం నేల మీద ఈడ్చుకుపోతుంది. రోజుకు నాలుగుసార్లు గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవాలి. తలుపు వేసుకుని ఆ పని తనే చేసుకోవడం నేర్చుకున్నాడు. ముఠాలోకి ఇక తిరిగి వెళ్ళడు. ఎవరైనా పలకరిస్తే మాత్రం, "అక్క ఉంది కాబట్టి ఈ మాత్రమైనా ఉన్నాను," అంటాడు. ఆ మాట వినపడితే హెలెన్ పక్క గదిలోకి వెళ్ళిపోతుంది.

నవంబరులో ఎలీషాకు కూడా నడుము నొప్పి కాల్లోకి దిగింది. అతని భార్య సంపూర్ణమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, మా ఆయన్ని ఆ డాక్టరమ్మకి చూపించాలి. మీరు వస్తేనే. ఆయనకి మాట రాదు."

"ముఠాలో అంతమందిని నవ్విస్తాడు. మాట రాకపోవడమేంటి?" అంది హెలెన్.

"అది మిల్లులోనండీ. డాక్టరు ముందు మూగెద్దే."

హెలెన్ వెంట వెళ్ళింది. నర్సు పేరు పిలిచింది. ఎలీషా లేచాడు, సంపూర్ణమ్మ లేచింది. ఇద్దరూ హెలెన్ కోసం ఆగారు. ఆమె బెంచీ మీద నుంచి కదల్లేదు.

"నేను రాను. నువ్వూ ఆగు సంపూర్ణమ్మా. ముందు అతన్ని ఒక్కణ్ణే వెళ్ళనీ."

"నేనేం చెప్పాలండీ?" అన్నాడు ఎలీషా.

"ఏం అడిగితే అది. రెంటికి వెళ్ళడం, ఒంటికి వెళ్ళడం, ఎక్కడ తిమ్మిరి, అన్నీ. నాకు చెప్పలేనిది ఆవిడకి చెప్పు. చెప్పలేకపోతే చేత్తో చూపించు."

ఎలీషా లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. సంపూర్ణమ్మ ఆ తలుపు వైపే చూస్తూ, "ఆయన ఏం మర్చిపోతాడో ఏమో. మీరు పక్కనుంటే ధైర్యంగా ఉండేది," అంది.

"లాజరుకీ నేను పక్కనే ఉన్నాను," అంది హెలెన్.

తర్వాత క్లాసులో కఠినమైన పాఠం చెప్పేటప్పటిలా నెమ్మదిగా చెప్పింది.

"పెద్ద కోత మంచిదా, చిన్న కోత మంచిదా అని నేను నెల రోజులు చదివాను. చదివింది తప్పు కాదు. అది రెండో ప్రశ్న. మొదటిది డాక్టరు అడిగింది. ఆ జవాబు నా దగ్గర లేదు, అయినా ఇచ్చేశాను. మనవాళ్ళకి తోడు వెళ్దాం, ఫైళ్ళు పట్టుకుందాం, డాక్టరు చెప్పింది విడమరిచి చెబుదాం. ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం వాళ్ళనే చెప్పనివ్వాలి. మన ముందు చెప్పుకోలేనివి ఉంటాయి. అందుకని కాసేపు మనం బయటికి రావాలి. సిగ్గుపడాల్సింది జబ్బుకి కాదు, తెలియని జవాబు చెప్పినందుకు."

సంపూర్ణమ్మకు సగమే అర్థమైంది. ఆ సగానికే ఆమె హెలెన్ చెయ్యి పట్టుకుంది.

పావుగంటకు ఎలీషా బయటికి వచ్చాడు. ముక్క చిన్నదట, నరాలకు ప్రమాదం లేదట. ఆరు వారాలు మందులు, వ్యాయామం. తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్, ఏ రకమైనా నష్టం లేదట. ఇవన్నీ అతనే చెప్పాడు, ఒక్కటీ మర్చిపోకుండా.

తర్వాతి ఆదివారం హెలెన్ మిల్లుకు వెళ్ళింది. బసవయ్య మేస్త్రి ముఠానంతా కూర్చోబెట్టాడు. ఏ లక్షణం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలో, అక్కడ ఎవరు మాట్లాడాలో ఆమె వాళ్ళకు చెప్పింది. జూన్‌లో డాక్టరు దగ్గర తను ఇచ్చిన జవాబు గురించి కూడా దాచకుండా చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముప్ఫైమంది మగవాళ్ళ ముందు చెప్పగలిగిన ఆ మాటను ఆమె తమ్ముడి ముందు కూర్చుని చెప్పలేకపోయింది. లాజరును క్షమించమని అడగడం ఇంకా మిగిలే ఉంది.