కాలవలో కరిగిన కల

కాకిని తిన్నట్టు కలొస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. అందులోనూ హుషూతుకి. ఇలూని అనే ఆమె మొగుడు నువ్వులనూనె పడవెక్కి దిగువన లార్సా పట్నానికి పోయి ఏడు నెలలైంది, అజాపజా లేదు. అందుకే లేస్తూనే తమ సిప్పార్ ఊళ్ళో అందరూ చేసే పనే తనూ చేసింది. ఓ మట్టిగడ్డ చేతిలోకి తీసుకుని, కలంతా దానికి చెప్పేసి, కాలవలో విసిరేసింది. గడ్డ కరిగితే కలా కరిగిపోతుంది, పీడా వదులుతుంది.

అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకోదే. పీడ పూర్తిగా పోయిందో లేదో అడుగుదామని, రెండు ఉల్లిగడ్డలు పట్టుకుని ఊరంతా అత్తా అని పిలిచే, కలలు విప్పిచెప్పే బెల్తానీ ఇంటికి పోయింది.

"కాకిని తిన్నావా? ఓసి పిచ్చిమొహమా, మన మాటలో కాకి అంటే ఆర్బు. రాబడి అంటే ఇర్బు. ఆ మాట కడుపులో ఈ మాట లేదూ? ఇంటికి రావలసింది వస్తోందన్నమాట. మా అమ్మమ్మ నాటినుంచీ ఇలాగే చెబుతున్నాం," అంది బెల్తానీ.

"రావలసిందంటే... ఆయనేనా అత్తా?"

"నీ ఇంటికి ఇంకేం రావాలే?"

హుషూతు మొహం వెలిగి, అంతలోనే పాలిపోయింది. "పొద్దున్నే మట్టిగడ్డకి చెప్పి కాలవలో పారేశానత్తా."

బెల్తానీ నుదురు కొట్టుకుంది. "మంచో చెడో తేల్చుకోకుండానే కడిగేసుకున్నదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

ఆ మాట పూర్తయ్యేలోపే హుషూతు పరుగున పోయి, మోకాలిలోతు నీళ్ళలో దిగి బురద దేవింది. చేతికొచ్చిన ప్రతి ముద్దా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. చేతులారా మొగుణ్ణి పోగొట్టుకున్నానని భోరుమంది.

ఆయాసపడుతూ వచ్చిన బెల్తానీ గట్టుమీద కూలబడింది. ఇలాంటి చిక్కు ఆవిడకీ కొత్తే. కాసేపు నీళ్ళవైపు చూసి, "ఒసేయ్, ఈ నీళ్ళు ఎటు పోతాయి?" అంది.

"దిగువకి."

"మరి లార్సాలో నీ మొగుడు తాగేది ఏ నీళ్ళు? తాగనీ. నీ కల తిన్నగా ఆయన కడుపులోకే పోతుంది."

అప్పటికప్పుడు అల్లిందని హుషూతుకి తెలుసు. ఆ ఆలోచన్లో పడ్డ మొహం తను చూసిందిగా. అయినా ఏడుపు ఆగింది.

బెల్తానీ వెళ్ళిపోయాక గట్టుమీంచి ఇంకో మట్టిగడ్డ పెళ్ళగించింది. ఈసారి చెప్పడానికి కలేం లేదు.

"నీ కూతురికి రెండు పళ్ళొచ్చాయి. మీ అమ్మ నన్ను రోజూ సాధిస్తోంది. ఆలస్యమైందని నాకేం కోపం లేదు, రావయ్యా," అని చెప్పి, ఈ గడ్డని విసరకుండా, రెండు చేతులతో మెల్లగా నీళ్ళలో వదిలింది.