నల్లడబ్బా బుధవారం

"నల్లడబ్బా మంగళవారమా, బుధవారమా?" అని అడిగాడు గిరిప్రసాద్.

నేను కత్తిపీట ముందు కూర్చుని ఊరగాయకు మామిడికాయలు కోస్తున్నాను. బంగారుపాళ్యంలో మా అత్తగారిల్లు అది. సెలవుకు వచ్చి మూడు వారాలైంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, గాలంతా మాగిన పండ్ల వాసన, ఆ వెనకే కుళ్ళిన పండ్ల వాసన. ఆ ఈగల మధ్య కూర్చున్న నాకు మా ఆయన అడిగింది ఒక క్షణం అర్థం కాలేదు.

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో. మా వీధిలో ప్రతి ఇంటికీ నాలుగు చెత్తడబ్బాలు. వంటింటి చెత్తకు గోధుమరంగుది, కాగితాలకు నీలంది, ప్లాస్టిక్‌కు పసుప్పచ్చది, ఏ జాతికీ చెందని చెత్తకు నల్లది. దేని రోజున దాన్ని ఆరింటికల్లా గేటు బయట పెట్టాలి. పొరపాటున టీ పొట్లం దారాన్ని గోధుమరంగు డబ్బాలో వేస్తే పక్కింటి ష్నైడరమ్మ దాన్ని తీసి, ఉతికి ఆరేసినంత శుభ్రంగా మా గడపలో పెట్టి పోతుంది. ఎనిమిదేళ్ళుగా ఆ డబ్బాలను నేనే లాగుతున్నాను. అవి వాటంతటవే బయటికి నడిచిపోతాయని గిరిప్రసాద్ నమ్మకం.

"ఎందుకు, ఆడికి పోయినాక నేను పెట్టనా?" అన్నాను నవ్వుతూ.

"ఊరికే అడిగినాలే," అని ఫోన్లోకి చూస్తూ వెళ్ళిపోయాడు.

మా బంధువుల్లో నేను కొంచెం పేరున్న మనిషిని. వారానికొకసారి కుటుంబం గ్రూపులో జర్మనీ కబుర్లు చెబుతూ గొంతు రికార్డు చేసి పెడతాను. ఆదివారం గోడకు మేకు కొడితే నేరం. లిఫ్టులో అందరూ నమస్కారం చెప్పుకుని, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూడకుండా అంకెల వైపు చూస్తారు. సాయంత్రం పొయ్యి వెలిగించరు, చల్లటి రొట్టె, చల్లటి వెన్న తిని పడుకుంటారు. ఈ చివరిది మొన్న ఇక్కడ చెబితే, మా అత్తగారింట్లో అంట్లు తోమే సుబ్బులమ్మ చీపురు పక్కన పెట్టి మరీ అడిగింది. "అయితే ఆ ఆడోళ్ళు సాయంత్రాలు యేం జేస్తారు?"

ఎనిమిదేళ్ళు ఆ దేశంలో ఉన్నాను గానీ, సాయంత్రాలు మాత్రం బంగారుపాళ్యంలోనే ఉన్నాను. ఏడింటికి అన్నం, చారు, ఒక వేపుడు.

మర్నాడు గిరిప్రసాద్ బట్టలుతికే మెషీన్ గురించి అడిగాడు. దానికి మూడు గూళ్ళు ఉంటాయి కదా, సబ్బు ఏ గూట్లో పోయాలి? ఆ మర్నాడు, రెండు గ్లాసుల బియ్యానికి కుక్కర్లో ఎన్ని నీళ్ళు? చొక్కాల ఇస్త్రీకి ఎంత వేడి పెట్టాలి? ఆ పై వారం శుక్రవారం పొద్దున చిన్నపిల్లవాడిలా ముఖం పెట్టి, "అన్నీ ఒక కాగితంలో రాసియ్యరాదా," అన్నాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు సంతోషం వేసింది. సెప్టెంబరు ఒకటిన నా శిక్షణ మొదలవుతుంది. పిల్లల బడిలో టీచరు కావడానికి మూడేళ్ళ చదువు. దానికోసం రెండేళ్ళు ఒక వృద్ధాశ్రమం వంటింట్లో ప్లేట్లు కడుగుతూ జర్మన్ భాష నేర్చుకున్నాను. ప్లేట్లు కడిగినప్పుడు గిరిప్రసాద్ ఏమీ అనలేదు, మనవాళ్ళెవరూ ఆ వంటింట్లోకి రారు కాబట్టి. బడిలో సీటు వచ్చిందని కాగితం చూపించినప్పుడు మాత్రం, "ఎం.కాం. చదివి ఆయా పనికి పోతావా? మా ఆఫీసోళ్ళకి ఏమని చెప్పుకునేది?" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు ఆ మాటే ఎత్తలేదు. ఇప్పుడు ఈ ప్రశ్నలు. నాకు పనిలో సాయం చేయడానికి సిద్ధమవుతున్నాడనుకున్నాను. మూడు రంగుల పెన్నులతో రాయడం మొదలుపెట్టాను కూడా.

కృపామణికి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. పెళ్ళికి ముందు చిత్తూరులో మేమిద్దరం ఒకే కాలేజీలో కామర్స్ చెప్పేవాళ్ళం. తనిప్పటికీ చెబుతోంది.

"మీ ఆయన ఇంతకుముందెప్పుడన్నా బియ్యం కడిగినాడా?" అంది.

"లేదు. అదే కదా చెప్తా ఉండేది. మారినాడే."

"జాహ్నవీ, నీ తిరుగు టికెట్టు నువ్వు సూసినావా?" అంది.

బుకింగ్ నంబరు పంపించి ఫోన్ పెట్టేశాను. దాని మొహం, దాని అనుమానాలు, అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళాను.

మా అత్త వరలక్ష్మమ్మ దోశలు పోస్తోంది. రెండు తిని చాలన్నాను. సరే అంటూనే, అప్పుడే దిగిన ఇంకోటి వేసింది. అది వేశాక ఆమెకు గుర్తొచ్చింది, ఈసారి వడ్డించింది ఒంటిదని. ఒంటి దోశ వేయడం ఆ ఇంట్లో జరగని పని. పెనం మీద దోశ అంచు తుంచి, గోరంత ముక్క నా ప్లేటులో పెట్టి, "ఇప్పుడు రెండు," అంది తృప్తిగా. ఈ సంగతి కూడా ఒకసారి గ్రూపులో చెప్పి నవ్వించాను. ష్నైడరమ్మకు ఒక్క లడ్డు ఇవ్వబోయి, చెయ్యాడక రెండోది కూడా పట్టుకెళ్ళాను మరి.

"అమ్మణ్ణీ," అంది అత్త, పెనం మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "తిరపతిలో ఒక వైద్యుడుండాడంట. పసర మందు ఇస్తాడు. పిల్లలు లేనోళ్ళకి శానా మందికి కుదిరింది. ఈడనే ఉండి తాగాల. ఆర్నెల్లే."

"ఆర్నెల్లు ఎట్లా అత్తా, సెప్టెంబరులో నా బడి ఉంది కదా."

"బడి యాడికి పోతుంది. ఆర్నెల్లు దాటితే సాలు."

దాటితే చాలు. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. జర్మనీ బయట ఆరు నెలలు దాటి ఉంటే నా నివాసపు కార్డు చెల్లదు. ఆ సంగతి నాకు తెలుసు, గిరిప్రసాద్‌కు తెలుసు. చిత్తూరు దాటి ఒంటరిగా ఎప్పుడూ పోని వరలక్ష్మమ్మకు ఆ లెక్క ఎవరు చెప్పారు? పసరు మందు ఐదు నెలలు తాగితే పనిచేయదా?

పెరట్లోకి పోయి కార్వేటినగరంలో ఉన్న నాయనకు ఫోన్ చేశాను. అంతా విని, "అల్లుడు ముందే జెప్పినాడమ్మా. ఆర్నెల్లే కదా, సర్దుకో," అన్నాడు. ఫ్యాక్టరీల మీదుగా గాలి ఒకసారి గట్టిగా వీచింది. నాకు భయం వేసింది. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన విషయం నాకొక్కదానికే తెలియదని, అందరూ నాతో చాలా ప్రేమగా మాట్లాడుతున్నారని, రెండూ ఒకేసారి అర్థమయ్యాయి.

వసారాలో మా మామ ఏకాంబరం పేపరు చదువుతున్నాడు. "మామా, నా పాస్‌పోర్టు ఒకసారి కావాల," అన్నాను. వచ్చిన రోజే మా ఇద్దరివీ భద్రమని తీసుకుని బీరువాలో పెట్టాడాయన. నా నివాసపు కార్డు కూడా ఆ అట్టలోనే ఉంది.

"ఉండాదిలేమ్మా, యాడికీ పోదు," అన్నాడు. పేపరు దించలేదు. బీరువా తాళం ఆయన మొలతాడుకు కట్టి ఉంది.

మధ్యాహ్నం కృపామణి నుంచి సమాధానం వచ్చింది. "పోయేదానికి ఒక్క పేరే ఉండాది. నీది పది దినాల కిందట తీసేసినారు. ఎప్పుడైనా రా, మా ఇంట్లో నీకు చోటుంది."

పది రోజుల కిందటంటే నల్లడబ్బా గురించి అడిగిన రోజుకు సరిగ్గా ముందు రోజు. పెళ్ళాం లేని ఇంట్లో ఏమేం తెలియాలో ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, నన్నే అడిగి నేర్చుకున్నాడు. మూడు రంగుల పెన్నులతో నేను రాసిపెట్టింది నా బదులు పనిచేసే కాగితం. ఎనిమిదేళ్ళు నేనేం చేశానో ఈ మనిషికి మొదటిసారి తెలిసింది, అదీ నన్ను వదిలేసి పోవడానికి. ఏడవాలనిపించలేదు. కత్తిపీట దగ్గరికి పోయి ఆ రోజు తెచ్చిన కాయలన్నీ కోశాను.

సాయంత్రం మళ్ళీ అడిగాడు. "ఇంతకీ నల్లడబ్బా ఏ రోజో చెప్పలేదే."

"గురువారం," అన్నాను. పెళ్ళయ్యాక ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది. చాలా తేలిగ్గా వచ్చింది.

ప్రయాణం రోజు వచ్చింది. విమానం బెంగళూరు నుంచి. నేను పోవడం లేదన్న సంగతి గిరిప్రసాద్ నాకు ముందురోజు చెప్పాడు, చాలా సౌమ్యంగా. "మందు అయిపోయినాక నేనే వచ్చి పిల్చకపోతాను. బడి వచ్చే ఏడాది చూసుకుందాం." నేను తలూపాను. నా తలూపుడు చూసి ఆయన బిగుసుకున్న భుజాలు సడలాయి. పొద్దున పాస్‌పోర్టు అడిగేయాలి, గొడవైనా సరే, అనుకుని పడుకున్నాను. కానీ ఏమని అడగాలి, అడిగితే తాళం ఇస్తారా?

పొద్దున స్నానం చేసి పూజగదిలోకి పోయాను. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. దూర ప్రయాణం ఉంటే పాస్‌పోర్టులు వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, పసుపు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఎనిమిదేళ్ళ కింద మొదటిసారి పోయినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో అధికారి ఆ పసుపును గోటితో గీకి, వాసన చూసి, మళ్ళీ మా మొహాలు చూశాడు.

దీపం వెలుగుతోంది. తమలపాకు మీద పాస్‌పోర్టులు రెండున్నాయి.

నేను కదలకుండా నిలబడ్డాను. వెనకనుంచి వరలక్ష్మమ్మ వంటింట్లోకి పోతూ, నా చూపు గమనించి, దాపరికం లేకుండా చెప్పింది. "వానిదొక్కటే పెట్టేదానికి మనసొప్పలేదమ్మణ్ణీ. పయనమప్పుడు ఒంటిది పెట్టగూడదు. మీ మామని తాళమడిగి రెండూ తీసినా. టెంకాయ కొట్టినాక నీది మళ్ళీ లోపల పెట్టేస్తాడులే."

పెనం మీద దోశ చుయ్యిమంది. ఆమె లోపలికి పోయింది. స్నానాలగదిలో గిరిప్రసాద్ నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. మామ మా తోట కాయల ట్రాక్టరు వరస చూసి రావడానికి ఫ్యాక్టరీకి పోయాడు.

నా పాస్‌పోర్టు తీసుకున్నాను. అట్టలో కార్డు ఉంది. పసుపు ఇంకా తడిగా ఉంది, వేలికి అంటింది. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బయటికి రాబోయి ఆగాను. తమలపాకు మీద గిరిప్రసాద్‌ది ఒక్కటే మిగిలింది. అది చూస్తే వరలక్ష్మమ్మ గుండె ఆగిపోతుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు, ఆ ఇంట్లో నాకు సాయం చేసింది ఆమె ఒక్కతే, తెలియకుండానే అయినా.

మూడు రంగుల కాగితం ఆయన సూట్‌కేసు మీదే ఉంది. కుక్కరు నీళ్ళు, సబ్బు గూడు, ఇస్త్రీ వేడి అన్నీ ఉన్నాయి. కింద నల్ల పెన్నుతో మూడు వాక్యాలు కలిపి, మడిచి, ఆయన పాస్‌పోర్టు పక్కన పెట్టాను. ఇప్పుడు రెండు. చెప్పులు వేసుకుని చిత్తూరు బస్సు ఆగే హైవే వైపు నడిచాను.

నల్లడబ్బా బుధవారం, గురువారం కాదు. డబ్బాలు వాటంతటవే బయటికి పోవు. నేను పోతున్నాను.