క్రేను మీది దీపం

క్రేను వెనక్కి వస్తోంది. హారన్ కొడుతూనే వస్తోంది. ఆ హారన్ ఎవరి కోసం? వెనక కూర్చుని మేకులు కొడుతున్న వడ్రంగికి పుట్టుకతోనే చెవుడు!

హీరో చొక్కాకి గుండీ కుట్టి దారం పంటితో తెంపుతున్న చుక్క అది చూసింది. పరిగెత్తింది. ఆమె చేరేలోపే చక్రం వడ్రంగి పాదం మీద నుంచి పోయింది. ఆ వడ్రంగి ఆమె తమ్ముడు.

చుక్క అన్నది సైగ పేరు. పెదవి కింద పుట్టుమచ్చ ఉంది కాబట్టి, వేలితో అక్కడ తాకితే ఆమె అని అర్థం. ఆ సినిమాకి పనిచేస్తున్న ఎనభై మంది చెవిటివాళ్లకీ అలాంటి పేర్లే. సినిమా కథ కూడా వాళ్లదే, చెవిటి కార్మికుల సమ్మె. హీరోకి మాత్రం చెవులు భేషుగ్గా వినిపిస్తాయి. చెవిటివాడి వేషానికి చెవిటివాడు పనికిరాడట. వెనక గుంపులో నిలబడటానికీ, మేకులు కొట్టడానికీ అయితే పనికొస్తాడు!

క్రేను కదిలినప్పుడల్లా దాని మీది ఎర్రదీపం వెలిగి ఆరుతూ ఉండాలి. మొదటిరోజు ఒప్పందం అది. హీరో కళ్లద్దాల్లో మెరుస్తోందని ముందురోజే దాన్ని పీకేశారు. ఆ సంగతి వీళ్లకి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు అన్నాల షెడ్డులో మేనేజరు మీటింగు పెట్టాడు. ఆయన మాటల్ని సైగల్లో చెప్పడానికి చుక్క అక్క కొడుకు నిలబడ్డాడు. వాడికి చెవులు వినిపిస్తాయి. వాళ్లమ్మ చెవిటిది. ఆమె పోయాక చుక్కే పెంచింది. పాలు, వాన, భయం, అన్నీ ఈ చేతులే ఆ చేతులకి నేర్పాయి. వాడి సైగ పేరు గుండె మీద రెండు తట్లు, అంటే మనవాడు.

"దీపం రేపే పెడతారట. మామయ్య వైద్యం, ఉద్యోగం కంపెనీ చూసుకుంటుందట. అందరూ ఈ కాయితం మీద సంతకాలు పెట్టండి," అన్నాయి వాడి చేతులు.

కాయితం కోర్టు భాషలో ఉంది. అయినా అక్కడున్న అందరూ పెట్టారు.

చుక్కకి పన్నెండో ఏట జ్వరంలో చెవులు పోయాయి. పెదాలు చదవడం ఆమెకి మంచినీళ్ల ప్రాయం. కానీ ఆరోజు మేనేజరు నోటి వంక ఆమె చూడనే లేదు. మనవాడి చేతులు కదులుతుంటే పరాయివాడి నోరెవరు చూస్తారు? చెవిటివాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

దీపం మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు, పాత సీన్లో హీరో ఏ చొక్కా వేశాడో చూద్దామని చుక్క ఎడిటింగ్ గదికి వెళ్లింది. అక్కడ పబ్లిసిటీ వాళ్లు తీసిన ముక్కలు మానిటర్ మీద ఆడుతున్నాయి. అందులో ఆ మీటింగు కూడా ఉంది. తెర నిండా మేనేజరు మొహం.

"దీపం గీపం కుదరదు," అన్నాయి ఆ పెదాలు. "హారన్ కొట్టినా అజాగ్రత్తగా ఉన్నాడు, తప్పు వాడిదేనని సంతకాలు పెట్టించు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే వీళ్లతో. నీకు తోచింది ఏదో చెప్పు."

కెమెరా పక్కకి తిరిగింది, మనవాడి పెదాలు కదిలాయి. "అలాగే సార్."

మళ్లీ వెయ్యమని వేలు తిప్పి అడిగింది. మూడుసార్లు చూసింది.

సెట్టు వెనక వాణ్ణి పట్టుకుంది. "ఏం చేశావురా?"

"అసిస్టెంట్ డైరెక్టర్ని చేస్తానన్నాడు పిన్నీ." వాడు సైగలు మానేసి నోటితో అరిచాడు. "పుట్టినప్పట్నించీ మీ నోరుగానే బతికాను! డాక్టరు దగ్గర నేనే, దుకాణంలో నేనే. నాకంటూ ఒక నోరు ఉండొద్దా?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే ఆమెకి ఇంకా మండింది.

"ఉండాలిరా. అందుకని మా నోరు అమ్ముకుంటావా? మీ మామయ్య పాదం తొక్కి పైకెక్కుతావా?"

వాడు చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

సాయంత్రం బట్టల గదిలో తలుపు మూసుకుని అందరూ కూడారు. చుక్క చూసిందంతా చెప్పింది. చేతులు గుప్పున లేచాయి.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు! వాడి కాళ్లు విరగ్గొడదాం," అన్నాడు పెయింటరు.

"పని పోతే?" ముసలి మేకప్ మనిషి వేళ్లు అడిగాయి. "మనల్ని ఇంకెవడు పెట్టుకుంటాడు? ఇరవై ఏళ్లు గుమ్మాల ముందు నిలబడ్డాను నేను."

వడ్రంగి కర్ర ఆనుకుని లేచాడు. "పని ఉండి పాదం పోతే? ఇవాళ నాది పోయింది. రేపు నీది."

ముసలాయన ఆ కట్టు వంక చూసి తల ఊపాడు.

"వాణ్ణి కొడితే మేనేజరు చల్లగా ఉంటాడు," అంది చుక్క. "వాళ్లు మనతో మాట్లాడాలంటే మన కళ్లే దారి. ఆ దారి మూసేద్దాం. కళ్లు మూసుకున్నా వెలుతురు తెలుస్తుంది. దీపం వెలిగితే తెరుద్దాం, కాయితం సంగతి అప్పుడు తేలుద్దాం." ఆమె చెయ్యి గుండె మీదికి వెళ్లింది. "ఇంకోటి. గుండె మీద రెండు తట్ల పేరు ఇకనుంచి ఎవరూ వాడొద్దు."

ఆ మాట చెప్పి మొహం అటు తిప్పుకుంది.

మర్నాడు సమ్మె సీను. ముందు హీరో పిడికిలి ఎత్తాడు. వెనక ఎనభై మంది. షాట్ మొదలైందని తెల్లగుడ్డ ఊపారు. ఎనభై మందీ చేతులు పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

ఎవరో మొహం మీదికొచ్చి అరుస్తున్నారు, చుక్క చెంపకి వేడి ఊపిరి తగులుతోంది. తర్వాత భుజం మీద ఒక చెయ్యి పడింది. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు కరెంటు పోయిన చీకట్లో ఆమె వాడికి చెప్పినట్టే, ఇప్పుడు వాడు ఆమె అరచేతిలో సైగలు పెట్టాడు. పిన్నీ. పోలీసులు. భయం.

ఆమె నేర్పిన భయం. ఒక్కసారి కళ్లు తెరిచి వాణ్ణి చూడాలనిపించింది. తెరవలేదు. వాడి అరచేతిలోనే, దీపం, అని చెప్పి, చెయ్యి విడిపించుకుని పెయింటరు చేతికి ఇచ్చేసింది.

కాళ్ల కింద నేల అదిరింది. క్రేను చక్రాలు ఇటే వస్తున్నాయి.

ఎడమవైపు తమ్ముడి వేళ్లు ఆమె చేతిని నొక్కాయి. ఆమె పెయింటరు చేతిని నొక్కింది. ఆ నొక్కు మనిషి నుంచి మనిషికి వరస చివరిదాకా వెళ్లి తిరిగి ఆమె దగ్గరికొచ్చింది. నేల ఇంకా గట్టిగా అదురుతోంది. రెప్పల మీద ఎర్రటి వెలుగు ఇంకా పడలేదు. ఎవరూ కళ్లు తెరవలేదు.