హుంగా తాగలేదు

మొగుడు హుంగా చచ్చిపోయినందుకు బుధ్రి ఏడ్చింది. తాగి చచ్చాడని ఊరంతా అనుకున్నందుకు మాత్రం ఆమె కడుపు మండిపోయింది. జన్మలో సారా ముట్టని మనిషి. ఊరి జనాన్ని సంతకు తిప్పే సీతారాములు తన పికప్‌తో వెనకనుంచి గుద్ది చంపేసి, తాగి రోడ్డుకు అడ్డం వచ్చాడని ఠాణాలో రాయించాడు. బండిలో ఉన్నవాళ్లంతా చూశారు. ఒక్కరూ నోరు మెదపలేదు. భోపాల్‌పట్నం సంతకు పోవాలన్నా, తిరిగి రావాలన్నా ఆ పికప్పే దిక్కు మరి.

బుధ్రి ఆ సంతలోనే ఇప్పసారా అమ్ముతుంది. సీతారాములు సిగ్గూ ఎగ్గూ లేకుండా ఆమె దగ్గరికే వచ్చి తాగేవాడు. ఆమె నవ్వుతూనే పోసేది. తాగి బండి నడుపుతూ వాడు ఇంతకుముందే ఒకసారి పట్టుబడ్డాడు. అప్పుడు జరిమానాతో పోయింది. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలని ఒక జవాను ఆమె ముందే వాడిని హెచ్చరించాడు. ఆ మాటను బుధ్రి కొంగున ముడేసుకుంది.

ఈసారి సంతకు ముందే ఠాణాకు పోయి, వాడు తాగి బండి నడుపుతాడని చెప్పి వచ్చింది. బండి వేగం అందుకోకముందే, సంత చివర్లోనే ఆపమంది. వెనక కూర్చునే ముసలీముతకా మీద ఆమెకు ఎంత కోపమున్నా, వాళ్ల చావు కోరేంత లేదు.

సీతారాములు వచ్చి దొప్ప అందుకున్నాడు. తాగేముందు అందరూ చేసినట్టే, చనిపోయిన పెద్దల పేరున నాలుగు చుక్కలు నేల మీద వంచబోయాడు.

“హుంగా పేరు గూడ తల్సుకో,” అంది బుధ్రి.

వాడి చెయ్యి ఆగింది. తర్వాత వంచాడు. “పాత ముచ్చట్లెందుకు వదినా. పొయ్యి.”

పోసింది. అడిగినంతా పోసింది. బలవంతం మాత్రం చెయ్యలేదు, వాడికి ఆ అవసరం ఎప్పుడూ లేదు.

పికప్ నిండాక ఆమె వాడి పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. సంత చివర పోలీసులు ఆపారు. వాడు గొట్టంలో ఊదాడు, మిషన్ కూత పెట్టింది. కొత్తగా వచ్చిన థానేదారు రాయ్‌పూర్ మనిషి. తాళంచెవి లాక్కుని కేసు రాయమన్నాడు.

సీతారాములుకు మత్తంతా దిగిపోయింది. బుధ్రి వైపు వంగాడు. “ఇది నీ పనే, నాకెరుకే. బల్మీటికి పోసిన అని సాబ్‌కు చెప్పు వదినా. ఆ దినం తాగింది నేనే, మీ ఆయన గాదు. ఒప్పుకుంటున్న గదా, ఇంకేంది?”

థానేదారుకు తెలుగు ముక్క రాదని వాడి ధీమా.

“ఇనబడలే,” అంది బుధ్రి.

“తాగింది నేనే. హుంగా తాగలే,” వాడు గొంతు పెంచాడు.

“అదే సాబ్‌కు హిందీల జెప్పు.”

 బుధ్రి బండి దిగి, సంతలో బేరాలాడే హిందీలో తనే చెప్పింది, ఒక్క మాట పొల్లుపోకుండా. థానేదారు వెనక ఉన్నవాళ్ల వైపు చూసి, ఎవరైనా విన్నారా అని అడిగాడు.

అందరూ తలలు దించుకున్నారు. ఇక్కడినుంచి ఊరు దూరం, మూటలు బరువు. చివరికి ముసలి మంగి తన గంప కిందికి దించి, తనూ దిగింది.

“ఇప్పుడు ఇన్న సాబ్,” అంది వచ్చీరాని హిందీలో. “ఆ దినం చూసిన.”