మోకాళ్ల బిళ్లలు

నేను ఒక ఎండోస్కోపును. చివర కన్నూ దీపమూ ఉన్న నల్లని గొట్టాన్ని. నోట్లోంచి దిగి మనుషుల కడుపులు చూడడమే నా బతుకు. ఏదో చలిదేశపు కర్మాగారంలో పుట్టి, విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో వయసంతా అరగదీసుకుని, సెకండ్‌హ్యాండు సరుకుగా పార్వతీపురం చేరాను. హోదాలన్నీ గొంతు దాకానే. లోపల అందరికీ అవే పుళ్లు. చూసి చూసి విసుగెత్తింది.

పైడమ్మ బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మేది. ఆమె కడుపులో పుండు మొదట చూసింది నేనే. అక్కడ కాపురం పెట్టిన బ్యాక్టీరియా పని అది. డాక్టర్ మృదుల రెండు వారాల మందుల కోర్సు రాసి, "ఇందులో ఒక మందుకి విరేచనం నల్లగా అవుతుందమ్మా, కంగారు పడకు" అని ధైర్యం కూడా చెప్పింది.

ఆ ధైర్యమే కొంప ముంచింది. కోర్సు సగంలో ఉండగా పైడమ్మ పొయ్యి ముందే కళ్లు తిరిగి పడిపోయింది. మోసుకొచ్చారు. నల్లగా ఎప్పటినుంచి అవుతోందని డాక్టరు అడిగింది.

"నువ్వే సెప్పినావు కదమ్మా, నల్లగా ఎల్తాదని. తారునాగ బంకగా ఎల్లినా మందేననుకున్నాను."

తారులా బంకగా అంటే మందు రంగు కాదు, పుండు లోంచి కారిన నెత్తురు. డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. సెలైను, రక్తం ఎక్కించి, నాడి కాస్త కుదుటపడ్డాక నన్ను లోపలికి దించింది. ఎర్రటి మడుగు. కడిగినకొద్దీ ఊరుతోంది. పుండేమో పైవంపులో ఉంది. నన్ను వంచే తీగలు అరిగి అటు తిరగడం ఎప్పుడో మానేశాను. "తిరగవే తల్లీ" అని డాక్టరు గొణిగింది. యంత్రాలను బతిమాలే మనుషులంటే నాకు నవ్వు. ఆ రోజు మాత్రం భయమేసింది. ఎలాగో తిరిగాను. నెత్తురు కారే చోటును నొక్కిపట్టే క్లిప్పు పడింది, రక్తం ఆగింది. నా తీగ ఆ తిప్పుడుతోనే తెగింది.

పైడమ్మ తేరుకున్నాక, ఇంకేమైనా మింగుతున్నావా అని డాక్టరు ఆలస్యంగా అడిగింది. ఆమె కొంగుముడి విప్పి నొప్పి బిళ్లలు చూపింది.

"ఇయి మోకాళ్లయి కదమ్మా. కడుపుకేటి సమ్మందం?"

మింగిన బిళ్ల నేరుగా మోకాలికి నడిచిపోతుందని ఆమె నమ్మకం. పుండును రేపి నెత్తురు కార్పించింది అవేనని డాక్టరు వాటిని మాన్పించి, కొన్నాళ్లు ఆగి కోర్సు మళ్లీ మొదలుపెట్టించింది.

ఇప్పుడు నేను సామాన్ల గదిలో, విరిగిన సెలైను స్టాండ్ల పక్కన చుట్ట చుట్టుకుని పడి ఉన్నాను. గోడ అవతల రోగులు కూర్చునే బెంచీ. మొన్న బ్యాక్టీరియా పోయిందో లేదో పరీక్ష చేయించుకోడానికి పైడమ్మ వచ్చింది. పక్కావిడతో మాట కలిపింది.

"కాళ్లనొప్పులకేటైనా మింగుతున్నావేటమ్మా? డాక్టరమ్మకి ముందే సెప్పీ. నాను సెప్పక సావుదాకా ఎల్లొచ్చినాను."

అబ్బే, ఏమీ లేదందావిడ. కాసేపటికి ఆవిడ వైపు నుంచి చేతిసంచి జిప్పు తీసిన చప్పుడు, ఆ వెనకే బిళ్లల రేకు చప్పుడు వినిపించాయి.